కాపలా తుపాకీ ఎవరి పేరున ఉండాలి?

బందరు, అంటే మచిలీపట్నం, బ్యాంకు పుట్టిన ఊరు. 1923 నవంబరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకును ఇక్కడే మొదలుపెట్టారు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అయినా కృష్ణా జిల్లాలో పాతతరం వాళ్ళకు బ్యాంకు అనగానే గుమ్మం పక్కన స్టూలు మీద, మోకాళ్ళ మధ్య డబుల్ బ్యారెల్ తుపాకీ నిలబెట్టుకుని కూర్చున్న మనిషే ముందు కళ్ళలో మెదులుతాడు. ఖాకీ బట్టలు, నున్నగా గీసుకున్న గడ్డం, చూడగానే మాజీ సైనికుడని తెలిసిపోయే కూర్చునే తీరు. ఆ మనిషి గురించి మనం పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆయన చేతిలోని తుపాకీ ఆయనది కాదు, బ్యాంకుది. లైసెన్సు బ్యాంకు పేరున ఉంటుంది. దాన్ని పట్టుకునే మనిషిగా ఆయన పేరు అందులో నమోదై ఉంటుంది. ఆయన రిటైరై వెళ్ళిపోతే తుపాకీ బ్యాంకులోనే ఉండిపోతుంది.

ఇప్పుడు గుడివాడలో నగల దుకాణానికో, ధాన్యం మిల్లుకో, దివిసీమలో రొయ్యల చెరువుకో గన్‌మన్ కావాలంటే పద్ధతి వేరు. ఏజెన్సీ వాడు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "నీకు గన్ లైసెన్సు ఉందా?" తుపాకీ, లైసెన్సు, వాటి ఖర్చు, రేపు ఏదైనా జరిగితే కేసు, అన్నీ కాపలాదారు నెత్తినే. ఈ ప్రాంతంలో సాయుధ కాపలా ఉద్యోగం చుట్టూ ఉన్న చిక్కులు చాలావరకు ఇక్కడి నుంచే మొదలవుతున్నాయని నా అభిప్రాయం. లైసెన్సు ఎలా వస్తుందన్నది అందరూ అడుగుతారు. అది ఎవరికి రావాలన్నది కూడా అడగాలి.

చరిత్రను రెండు మాటల్లో చెప్పుకుందాం. 1878లో లిట్టన్ ప్రభువు హయాంలో వచ్చిన ఆయుధ చట్టం భారతీయుడి చేతి నుంచి తుపాకీ లాగేసింది. అది అవమానమని జాతీయోద్యమం అనుకుంది. 1931లో కరాచీ కాంగ్రెస్ ప్రకటించిన ప్రాథమిక హక్కుల్లో, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కు కూడా ఉంది. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగంలో మాత్రం అది చోటు చేసుకోలేదు. 1959లో కొత్త ఆయుధ చట్టం వచ్చి 1962 అక్టోబరు 1 నుంచి అమలైంది. దాని ప్రకారం తుపాకీ మన దేశంలో హక్కు కాదు, అనుమతి. నేను దీన్ని సమర్థిస్తాను. ఊరూరా తుపాకులున్న దేశాలు ఏమవుతున్నాయో రోజూ పేపర్లో చూస్తూనే ఉన్నాం.

లైసెన్సు ఇచ్చే అధికారం జిల్లా మేజిస్ట్రేట్‌ది, అంటే మన కలెక్టర్‌ది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక మచిలీపట్నమే కృష్ణా జిల్లా కేంద్రంగా నిలిచింది కాబట్టి గుడివాడ వాడైనా, అవనిగడ్డ వాడైనా, నాగాయలంక వాడైనా ఈ ఊరే రావాలి. దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెళుతుంది. లైసెన్సు ఉన్న ప్రతి మనిషికీ దేశవ్యాప్త పట్టికలో ఒక సంఖ్య ఉంటుంది. దరఖాస్తు అందాక కలెక్టర్ పోలీసు నివేదిక అడుగుతారు. దరఖాస్తుదారు ఊరి స్టేషన్ నుంచి విచారణ జరుగుతుంది. 2016 నాటి ఆయుధ నియమావళి ఈ నివేదికకు 30 రోజుల గడువు పెట్టింది. నివేదిక అందిన 60 రోజుల్లో అవునో కాదో కలెక్టర్ తేల్చాలి. పోలీసు నివేదిక గడువులోగా రాకపోతే దాని కోసం ఎదురుచూడకుండానే నిర్ణయం చేయవచ్చని చట్టంలోనే ఉంది. కాదన్నప్పుడు కారణం రాసి ఇవ్వాలి. అప్పీలు చేసుకునే హక్కూ ఉంది. ఆస్తిపాస్తులు లేవన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని సెక్షన్ 14 చెబుతోంది. తుపాకీ లైసెన్సు ఎకరాలున్న వాడికేనని మన పల్లెల్లో గట్టి నమ్మకం. చట్టం ఆ మాట అనలేదు.

వయసు 21 నిండాలి. మానసిక స్థితితో సహా ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. తుపాకీని భద్రంగా పట్టుకోవడం, నింపడం, ఖాళీ చేయడం, దాచడం నేర్చుకున్నట్టు శిక్షణ పత్రం కావాలి. 2016 నియమావళి తెచ్చిన మంచి మార్పు ఈ శిక్షణే. 2019 డిసెంబరు సవరణతో ఒక మనిషి ఉంచుకోదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెరిగింది. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే శిక్ష రెండేళ్ళకు తగ్గకుండా ఐదేళ్ళ దాకా పోయింది.

కాపలాదారుల చేతుల్లో ఎక్కువగా పన్నెండు బోరు తుపాకీలే ఎందుకు కనిపిస్తాయని చాలామంది అడుగుతారు. చౌక అని కొందరు, పాతకాలం అలవాటు అని కొందరు చెబుతారు. అసలు కారణం చట్టం రాసిన తీరులో ఉంది. గొట్టం లోపల గాడులు లేకుండా నున్నగా ఉండి, గొట్టం పొడవు 20 అంగుళాలకు తగ్గని తుపాకీని రక్షణ కోసం అడిగిన పౌరుడికి, అభ్యంతరాలేమీ లేకపోతే లైసెన్సు ఇవ్వాలనే చట్టం చెబుతుంది. రివాల్వర్, పిస్తోలు, రైఫిల్ అడిగితే మాత్రం తగిన కారణం ఉందని అధికారికి నమ్మకం కుదరాలి. అందుకే పొడుగు తుపాకీ బ్యాంకు గుమ్మంలో నిలబడింది, రివాల్వర్ పెద్దవాళ్ళ నడుముకు చేరింది.

ఇక రెండో చట్టం సంగతి. ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది. ఏజెన్సీ పెట్టాలంటే ఐదేళ్ళ లైసెన్సు కావాలి. చట్టంలో రాసిన రుసుము ఒక జిల్లాకు 5,000 రూపాయలు, ఐదు జిల్లాల దాకా 10,000, రాష్ట్రమంతా అయితే 25,000. ఆ లైసెన్సును కార్యాలయంలో అందరికీ కనిపించేలా పెట్టాలి. గార్డుగా చేరేవాడికి 18 నిండాలి, 65 దాటకూడదు. నడవడి విచారణ జరగాలి, ఫొటో గుర్తింపు కార్డు ఇవ్వాలి. 2006 నాటి కేంద్ర నమూనా నియమాలు 100 గంటలు తరగతిలో, 60 గంటలు బయట, కనీసం 20 పనిదినాలు శిక్షణ ఉండాలన్నాయి. సైన్యం నుంచో పోలీసు నుంచో వచ్చిన వాళ్ళకు 40 గంటలు, 16 గంటలు, ఏడు పనిదినాలు చాలన్నాయి. మగవాళ్ళకు ఎత్తు 160 సెంటీమీటర్లు, ఛాతీ 80. కిలోమీటరు ఆరు నిమిషాల్లో పరుగెత్తాలన్నాయి.

ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చదివితే మధ్యలో ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. ఒకటి 18 ఏళ్ళకు గార్డును చేస్తుంది, ఇంకొకటి 21 దాకా తుపాకీ ముట్టుకోనివ్వదు. అందులో తప్పు లేదు. ఇబ్బంది శిక్షణ దగ్గర వస్తుంది. ఆ 160 గంటల శిక్షణలో అగ్నిమాపకం, ప్రథమ చికిత్స, గుంపును అదుపు చేయడం, ఆఖరికి పోలీసు, సైనిక హోదా బిళ్ళలు గుర్తుపట్టడం కూడా తప్పనిసరి. తుపాకీ పట్టడం మాత్రం ఐచ్ఛికం. అంటే తుపాకీ పట్టుకుని నిలబడే గార్డుకు ఆ పని నేర్పే బాధ్యత ఏజెన్సీ మీద గట్టిగా పడలేదు. పైగా ఏజెన్సీకి వచ్చే లైసెన్సు మనుషుల్ని కాపలా పెట్టడానికే, తుపాకీ పట్టించడానికి కాదు. దానికి మళ్ళీ ఆయుధ చట్టం దగ్గరికే పోవాలి. అక్కడికి ఏజెన్సీ తాను పోకుండా కాపలాదారుని పంపిస్తోంది. "నీ లైసెన్సు నువ్వు తెచ్చుకో" అనే మాట పుట్టింది ఇలాగే.

వ్యక్తిగత లైసెన్సు పుస్తకంలో అది ఏ అవసరానికో రాసి ఉంటుంది. ఎక్కువమంది రాయించుకునేది ఆత్మరక్షణ. ఒక మాజీ సైనికుడు తన ప్రాణం కోసమని తీసుకున్న తుపాకీని నెల జీతానికి నగల దుకాణం ముందు నిలబెడితే, రాసిన అవసరం ఒకటి, వాడకం మరొకటి అయిపోతుంది. షరతు తప్పితే సెక్షన్ 17 కింద లైసెన్సు రద్దు చేయవచ్చు. సెక్షన్ 30 కింద ఆరు నెలల దాకా జైలు లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేకుంటే రెండూ పడవచ్చు. దుకాణం యజమాని, ఏజెన్సీ పక్కన నిలబడి చూస్తారు. పుస్తకంలో పేరు కాపలాదారుది కదా.

షిఫ్టు మారే వేళ ఇంకా చిక్కు. పగలు కాపలా వాడు ఎనిమిదింటికి ఇంటికి వెళతాడు, రాత్రి వాడు వస్తాడు. తుపాకీ మొదటివాడి పేరున ఉంటే రెండోవాడు దాన్ని ముట్టుకోవడానికి లేదు. లైసెన్సుదారు ఎదుట గాని, అతని రాతపూర్వక అనుమతితో గాని, మరమ్మతుకో రెన్యువల్‌కో లేదా అతని వాడకం కోసమో మాత్రమే మరొకరు మోయవచ్చని చట్టం హద్దు గీసింది. "కాసేపు పట్టుకో, టీ తాగొస్తా" అంటే కూడా నేరమే. తెలిసి ఇచ్చినవాడూ, పుచ్చుకున్నవాడూ ఇద్దరూ ఇరుక్కుంటారు. ఈ సంగతి తెలిసిన కాపలాదారులు తక్కువ. తెలిసి చెప్పే యజమానులు మరీ తక్కువ. బ్యాంకు పద్ధతిలో ఈ ఇబ్బంది లేదు. లైసెన్సు సంస్థదే కాబట్టి, దాన్ని పట్టే మనుషుల పేర్లు అందులో నమోదై ఉంటాయి. మనిషి మారితే పేరు మార్పించుకోవాలి. పని కాస్త ఎక్కువే, కాని తుపాకీ ఎప్పుడూ ఒకే చోట, ఒకే లెక్కలో ఉంటుంది. తూటాల లెక్కా అంతే.

ఏటీఎంలలో డబ్బు నింపే బండ్ల విషయంలో కేంద్రం 2018లో విడిగా నియమాలు ఇచ్చింది. బండికి ఇద్దరు సాయుధ గార్డులు ఉండాలి, ఒక విడతలో ఐదు కోట్లకు మించి తీసుకెళ్ళకూడదు, పట్టణాల్లో రాత్రి 9 దాటాక, పల్లెల్లో సాయంత్రం 6 దాటాక డబ్బు నింపకూడదు. మోపిదేవి, కోడూరు వైపు రోడ్ల మీద చీకటి పడ్డాక ఆ బండి తిరిగితే ఆ ఇద్దరి ప్రాణాలకు హామీ ఎవరిస్తారు? ఈ సాయంత్రం ఆరింటి నియమాన్ని అమలు చేయిస్తే చాలు, సగం తుపాకీ అవసరం తగ్గుతుంది.

అసలు మన దగ్గర తుపాకీ అవసరం ఎక్కడుంది? ఈ ప్రశ్నకు జవాబు కోసం దివిసీమ చెరువు గట్ల మీదికి వెళదాం. రొయ్య పట్టుబడికి వచ్చిన చెరువులో రాత్రికి రాత్రి వల వేసి లాగేస్తే రైతు కోలుకోలేడు. అందుకే గట్టు మీద గుడిసె వేసి కాపలా పెడతారు. కొందరు తుపాకీ గురించి ఆలోచిస్తారు. వాళ్ళ భయాన్ని నేను తేలిక చేయను. కాని చట్టం ఏమంటుందో వినాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంది. ఆస్తిని కాపాడుకోవడంలో ఎదుటివాడి ప్రాణం పోయేంత బలం వాడే హక్కు దోపిడీ, సూర్యాస్తమయం తర్వాత ఇల్లు పగలగొట్టడం, ఇంటికి నిప్పు పెట్టడం లాంటి కొద్ది సందర్భాలకే పరిమితం. మామూలు దొంగతనమైతే ప్రాణభయమో తీవ్ర గాయాల భయమో ఉంటేనే ఆ హక్కు. అవసరానికి మించిన బలం ఎప్పుడూ తప్పే. చెరువులో వల వేసి పారిపోతున్న వాడి వీపు మీద తుపాకీ పేలిస్తే కాపలాదారు హంతకుడవుతాడు, రొయ్యలు మాత్రం తిరిగి రావు. గట్టు మీద లైటు, కుక్క, సెల్‌ఫోను, పక్క చెరువు వాడితో పొత్తు, స్టేషన్ నంబరు, ఇవి చేసే మేలు తుపాకీ చేయదు.

ఆ గుడిసెలో తుపాకీ దాచేదెక్కడ? లైసెన్సు అడిగే మనిషికి ఆయుధాన్ని భద్రంగా దాచే ఏర్పాటు ఉండాలని నియమం. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన నేల ఇది. తాటాకు కప్పు కింద, ఉప్పు గాలిలో, తాళం లేని పెట్టెలో తుపాకీ, తూటాలు ఉంచడాన్ని భద్రత అనలేం. పైగా కృష్ణా నది సముద్రంలో కలిసేచోట మడ అడవులతో కృష్ణా అభయారణ్యం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 31 ప్రకారం ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టకూడదు. కలెక్టర్ ఇచ్చిన లైసెన్సు జేబులో ఉన్నా సరే. కోడూరు, నాగాయలంక వైపు చెరువు కాపలాదారు ఈ గీత ఎక్కడుందో తెలియకుండా దాటేస్తే కేసు అటవీశాఖ నుంచి వస్తుంది. అడవి పంది పొలంలో పడితే కాల్చడానికీ అటవీశాఖ అనుమతి కావాలి. అందుకని దివిసీమకు నా తీర్పు సూటిగా చెబుతాను: చెరువు గట్టు మీద తుపాకీ పెట్టకూడదు.

గుడివాడ నగల దుకాణాలకూ, బందరులో పెద్ద నగదు చేతులు మారే చోట్లకూ ఆ మాట చెప్పలేను. అక్కడ అవసరం నిజం. అయితే ఆ అవసరం దుకాణానిది కాబట్టి లైసెన్సు కూడా దుకాణం అడగాలి. 2016 నియమావళిలో, వృత్తి వల్లో వ్యాపారం వల్లో ఉద్యోగం వల్లో ప్రాణానికి, ఆస్తికి నిజమైన రక్షణ అవసరం ఉన్నవాళ్ళను లైసెన్సు ఇచ్చేటప్పుడు పరిశీలించాలని రాసి ఉంది. సైన్యంలో, కేంద్ర బలగాల్లో, పోలీసులో పనిచేసిన వాళ్ళ మాట కూడా అక్కడే ఉంది. యజమాని తన దుకాణానికి లైసెన్సు తీసుకుని, శిక్షణ ఉన్న మాజీ సైనికుణ్ణి దాన్ని పట్టే మనిషిగా నమోదు చేయించి, తాళం వేసిన బీరువాలో తుపాకీ పెట్టి, తూటాల లెక్క పుస్తకం రాయాలి. చాలామంది యజమానులు ఇది తలనొప్పి అనుకుని ఏజెన్సీకి వదిలేస్తున్నారు. ఆ తలనొప్పి ఏజెన్సీ నుంచి జారి కాపలాదారు మీదికి దిగుతోంది. జీతం అందరికంటే తక్కువ తీసుకునేదీ ఆయనే.

వేతనం సంగతీ చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ కనీస వేతనాల పట్టికలో ఆయుధం లేని కాపలాకు ఒక రేటు, ఆయుధంతో కాపలాకు అంతకంటే ఎక్కువ రేటు విడిగా ఉన్నాయి. తుపాకీ పట్టడం నైపుణ్యం ఉన్న పనేనని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. గన్‌మన్ అని పిలిచి వాచ్‌మన్ జీతం ఇచ్చే చోట చేరేవాడు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

సొంత లైసెన్సు తెచ్చుకోమనే ఒత్తిడికి అడ్డదారి లైసెన్సులు తోడైతే ఏమవుతుందో చూశాం. జమ్మూ కాశ్మీర్‌లో 2012 నుంచి 2016 మధ్య అనర్హులకు 2.78 లక్షలకు పైగా ఆయుధ లైసెన్సులు ఇచ్చారన్న ఆరోపణపై సీబీఐ దర్యాప్తు చేపట్టింది. 2022లో హైదరాబాద్ పోలీసులు నకిలీ లైసెన్సులతో తుపాకులు పట్టుకుని కాపలా పనులు చేస్తున్నవాళ్ళను, వాళ్ళను పంపిన ముఠాను పట్టుకున్నారు. పొట్టకూటి కోసం వచ్చినవాళ్ళే ముందు దొరికిపోయారు. దళారీ చేతికి డబ్బు పోసి తెచ్చుకున్న కాగితం మీద దేశవ్యాప్త పట్టికలోని సంఖ్య లేకపోతే, ఆ కాగితం పట్టుకున్నవాడు లైసెన్సు లేనివాడి కిందే లెక్క. రెండేళ్ళకు తగ్గని శిక్ష ఆ మనిషికే.

ఎన్నికలు వచ్చినప్పుడు ఈ తేడా మరోసారి బయటపడుతుంది. లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో అప్పగించమని ఉత్తర్వులు వస్తాయి. బ్యాంకు కాపలా తుపాకులకు మినహాయింపు ఉంటుంది. వ్యక్తిగత లైసెన్సు మీద పనిచేసే గన్‌మన్ మినహాయింపు అడగాలంటే వాటిని పరిశీలించే కమిటీ ముందు తన అవసరం చెప్పుకోవాలి, ఆ పుస్తకంలో రాసిందేమో ఆత్మరక్షణ. 2024 మే 13 పోలింగ్ లాంటి సందర్భంలో తుపాకీ స్టేషన్‌కు చేరితే వారాల తరబడి అతని పని ఏమిటి, జీతం ఎవరిస్తారు?

ఈ చర్చ ఇప్పుడే జరగాల్సిన కారణం కూడా ఉంది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ కింద ఆ ఏడాది చివర, తర్వాతి ఏడాది మొదట శిక్షణకు వెళ్ళిన తొలి జట్టుకు నాలుగేళ్ళ గడువు 2026 చివర, 2027 మొదట్లో పూర్తవుతుంది. వాళ్ళలో నాలుగో వంతుకు మించకుండా సైన్యంలో ఉంచుకుంటారు. మిగతావాళ్ళు 20లలోనే ఇళ్ళకు వస్తారు, మన జిల్లా పిల్లలూ అందులో ఉంటారు. తుపాకీ పట్టడం చక్కగా నేర్చిన చేతులు అవి. ఆ పిల్లల్ని "లైసెన్సు తెచ్చుకుని రా" అని ఏజెన్సీ గుమ్మం నుంచి దళారీ గుమ్మానికి నడిపించకూడదు. బందరులో ఓడరేవు పనులు సాగుతున్నాయి. భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ ఎప్పటినుంచో ఉంది. రేపు గోదాములు, యార్డులు వస్తే కాపలా ఉద్యోగాలు వందల్లో పెరుగుతాయి. వాటిలో ఏది తుపాకీ కావాల్సిన పనో, ఏది కాదో ముందే తేల్చుకోవాలి.

కలెక్టర్ కార్యాలయానికి నా విన్నపం: కాపలా ఉద్యోగం కోసమని వచ్చే ప్రతి దరఖాస్తులో యజమాని పేరు, పనిచేసే చోటు రాయించండి. ఆ యజమానినే లైసెన్సుకు రమ్మనండి. జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్ మైదానంలో ఏడాదికి రెండుసార్లు నమోదైన కాపలాదారులకు తుపాకీ భద్రత శిక్షణ పెట్టించండి. 30 రోజులు, 60 రోజులు అన్న గడువులను బోర్డు మీద రాసి పెట్టండి.

కాపలా పనికి వెళ్ళే తమ్ముళ్ళకు ఒక మాట. చేరే ముందు ఏజెన్సీ గోడ మీద ఐదేళ్ళ లైసెన్సు ఉందో లేదో చూడండి. గుర్తింపు కార్డు అడగండి. ఎవరి తుపాకీ, ఎవరి లైసెన్సు, అందులో మీ పేరు ఉందా అని అడగండి. లేకపోతే ఒక్క పూట కోసం కూడా ఆ తుపాకీ అందుకోకండి.